నాయనమ్మ వంత

మద్రాసు మాంబళంలో మేం అద్దెకున్నప్పుడు మా వీధి మొత్తానికీ టీవీ అంటే మా ఇంటివాళ్ళ టీవీయే. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. ముందు వాటాలోకి డయనోరా పెట్టె మాత్రం 1978లో వచ్చింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. దానికి పక్కలకి జరిగే చెక్క తలుపులుండేవి. సాయంత్రం ఇంటి యజమానురాలు మామి దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ తర్వాతే వచ్చి వాటిని తీసేది. శుక్రవారం సినిమా పాటల కార్యక్రమం "ఒలియుం ఒళియుం" వచ్చే వేళకి ఆ హాల్లో చీమ దూరే సందుండేది కాదు. మిగతా రోజుల్లో మామి, వాళ్ళ పిల్లలు, నేను, గుమ్మానికి ఆనుకుని మా నాయనమ్మ, అంతే.

అలాంటి ఒక మామూలు సాయంత్రం విల్లుపాట్టు వచ్చింది. అంటే విల్లు వాయిస్తూ పాడి చెప్పే అరవ కథ. సుబ్బు ఆరుముగం గారి బృందం. మనిషి కన్నా పొడుగున్న విల్లు, దానికి వరసగా గజ్జెలు, విల్లు కింద బోర్లించినట్టు కుండ. ఆయన రెండు చేతుల్లో పుల్లలు పట్టుకుని వింటినారి మీద కొడుతుంటే గజ్జెలన్నీ ఒక్కసారి మోగేవి. పక్కన ఒకరు ఉడుక్కై అనే చిన్న డమరుకం, ఒకరు తాళాలు, ఒకరు కుండ మీద దెబ్బ. ఆయన ఒక మాట చెప్పి ఆగేవాడు. పక్కవాళ్ళు "ఆమా" అనేవాళ్ళు. అంటే "అవును" అని. ఆయన ఇంకో ముక్క పాడేవాడు, వాళ్ళు దాన్ని అందుకునేవాళ్ళు.

మా నాయనమ్మ ఇరవై ఏళ్ళు మద్రాసులో ఉన్నా ఆవిడ అరవం కూరగాయల బేరం దాటలేదు. కథ ఏమిటో ఆవిడకి తెలిసే అవకాశం లేదు. కానీ నాలుగైదు సార్లు విన్నాక, ఆయన ఆగిన చోట గుమ్మం దగ్గర్నించి "ఆమా" అని వినపడింది. తిరిగి చూశాను. నాయనమ్మ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. చేత్తో మోకాలి మీద తాళం వేస్తోంది. మామి కూడా తిరిగి చూసి నవ్వింది, మరుసటి చోట తనూ అంది. ఆ తర్వాత పిల్లలం. కార్యక్రమం అయ్యేసరికి ఆ హాల్లో అందరం "ఆమా" అంటున్నాం.

ఇంటికొచ్చాక నాయనమ్మ మా అమ్మతో, "ఆ పక్కన కూచున్నోళ్ళు మన వంతలేనే అమ్మాయ్. గుమ్మెట లేదు గానీ పని అదే" అంది.

మా నాయనమ్మది గుంటూరు జిల్లా. బుర్రకథ పుట్టి పెరిగిన నేల. పొన్నెకల్లు నాజర్ గారి కథలు ఆవిడ పొలం గట్ల మీంచి నడిచి వెళ్ళి, తెల్లవారేదాకా కూర్చుని విన్న మనిషి. మధ్యలో తంబుర పట్టుకుని, చేతికి అందె వేసుకుని, అడుగులేస్తూ కథ చెప్పేవాడు కథకుడు. అటొకడు ఇటొకడు, గుమ్మెటలనే చిన్న డోళ్ళు వాయిస్తూ వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత రాజకీయం చెబుతాడు. ఇద్దరూ కథకుడిని ప్రశ్నలడుగుతారు, "తందాన తాన" అని పాట అందుకుంటారు. వంతలు లేకపోతే కథ లేదు. నాయనమ్మ ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో! "కథ చెప్పేవాడు ఎంత మొనగాడైనా వంత చచ్చుగా ఉంటే కథ నేల పట్టేస్తుంది" అనేది. ఇప్పుడు మనం ఎవరికైనా వంత పాడాడంటే తిట్టుగా వాడుతున్నాం. నాకది నచ్చదు. వంత పాడటం ఒక విద్య. ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ వదిలెయ్యాలో తెలియాలి.

ఆ కథల్ని సర్కారు ఆపించిన రోజులూ ఆవిడకి గుర్తే. ప్రజానాట్యమండలి వాళ్ళు ఊరూరా తిరిగి కరువు గురించీ, దొరతనం గురించీ బుర్రకథలు చెబుతుంటే మద్రాసు ప్రభుత్వం వాటిని నిషేధించింది. "పాటకి పోలీసులేంట్రా" అని ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆశ్చర్యపోతూ చెప్పేది.

ఇక మా అన్నయ్య సంగతి. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. కాలేజీలో చదివే రోజుల్లో వాడికి పాత రికార్డుల పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున్నే మాంబళంలో ఎలక్ట్రిక్ రైలెక్కి పార్క్ స్టేషన్‌లో దిగితే, రోడ్డు దాటగానే సెంట్రల్, దాని పక్కనే మూర్ మార్కెట్. పాత పుస్తకాలు, పాత గడియారాలు, పంజరాల్లో పక్షులు, పాత గ్రామఫోను రికార్డులు. వాటి మీద దుమ్ము దులిపి, వెలుగులోకి వంచి గీతలెన్నున్నాయో చూసి, బేరమాడి కొనేవాడు. నన్ను రెండుసార్లే తీసుకెళ్ళాడు. ఆ ఎర్ర ఇటుకల కమాన్లు, లోపలి చీకటి, తడిసిన కాగితం వాసన నాకిప్పటికీ తెలుసు. 1985 మే నెలాఖర్లో అది కాలిపోయిన మర్నాడు అన్నయ్య ఆఫీసుకి వెళ్ళలేదు.

అలా తెచ్చినవాటిలో ఒకటి అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్ రికార్డు. 1963 జూన్ 8న న్యూయార్క్‌లో కార్నెగీ హాల్లో ఆయన చేసిన కచేరీ. మా ఇంట్లో హెచ్ఎంవీ ఫియెస్టా ప్లేయరుండేది. దాని మీద పెట్టి వింటుంటే మొదట నాకు అర్థమైంది ఒక్కటే, ఆ పాటలు ఆయనొక్కడే పాడటం లేదు. ఒక పాదం పాడుతూ, తర్వాతి పాదం మాటల్ని గబగబా ముందే అందించేస్తాడు. హాలంతా దాన్ని పాడుతుంది. వేలమంది గొంతులు. ఆయన వాళ్ళ మీంచి ఇంకో శ్రుతిలో పాడతాడు.

వంటింట్లో వడియాల పిండి కలుపుతున్న నాయనమ్మ చెయ్యి ఆపి, "ఒరే పెద్దాడా, ఎవర్రా ఈయన? ఊరందరిచేతా వంత పాడిస్తన్నాడే!" అంది.

అన్నయ్య ఎగిరి గంతేశాడు. మౌంట్ రోడ్డు మీద అమెరికన్ లైబ్రరీకి వెళ్ళినప్పుడు ఒక పత్రికలో సీగర్ బొమ్మ చూసి, ఆయన వాయించే బాంజోని వాడు నోటుబుక్కులో గీసుకొచ్చాడు. అది తెచ్చి చూపించాడు. పొడుగాటి మెడ, అయిదు తీగలు, అడుగున గుండ్రంగా తోలు బిగించిన డప్పులాంటి భాగం. నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది బుర్రేరా" అంది.

కాదు నాయనమ్మా, ఇది వేరే వాయిద్యం, అమెరికాది అని వాడెంత చెప్పినా వినలేదు. "తీగలున్నయ్యి, కింద గుండ్రంగా బుర్ర ఉంది, కథ చెప్పి జనంచేత పాడిస్తన్నాడు. బుర్ర కాకపోతే ఏంటి?" అంది. మన బుర్రకథకి ఆ పేరు వచ్చింది తంబుర బుర్ర వల్లనే కదా. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల చేతుల్లో అమెరికాలో రూపు దిద్దుకున్న వాయిద్యమట. మొదట్లో వాళ్ళు దాన్ని ఎండిన సొరకాయ బుర్రకి తోలు బిగించి చేసుకునేవాళ్ళు. అది చదివిన రోజు అన్నయ్యకి ఫోన్ చేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "చెప్పింది కదే ముసల్ది" అన్నాడు చివరికి, గొంతు వణుకుతుంటే.

అప్పట్లో మాకు సీగర్ అంటే గొంతే. ఆయన పాడుతుంటే ఎలా ఉంటాడో తెలీదు. "మరి అమెరికాలో టీవీ మనకంటే ముందు వచ్చింది కదా, ఆయన రోజూ వస్తుంటాడా?" అని అడిగాను ఒకసారి. అన్నయ్య లైబ్రరీలో చదివినదంతా అప్పుడు మాకు చెప్పాడు. సీగర్ పాడిన వీవర్స్ బృందం 1950లో ఒక పాటతో దేశాన్ని ఊపేసింది. పదమూడు వారాలు ఆ పాటదే మొదటి స్థానం. ఆ వెంటనే కమ్యూనిస్టులన్న ముద్ర పడి, వాళ్ళని పిలిచేవాళ్ళే కరువయ్యారు. 1955 ఆగస్టులో పార్లమెంటు విచారణ సంఘం ముందు నిలబెట్టి, ఎవరెవరి సభల్లో పాడావని అడిగితే, సీగర్ జవాబివ్వనన్నాడు. కావాలంటే ఆ పాటలు ఇక్కడే పాడి వినిపిస్తానన్నాడు. కోర్టు ఏడాది జైలు వేసింది, 1962లో పైకోర్టు కొట్టేసింది. కేసు పోయినా టీవీ తలుపులు తెరుచుకోలేదు. 1963లో ఏబీసీ టీవీ వాళ్ళు కాలేజీల్లో చిత్రీకరించి, జానపద పాటల కోసమే ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అందులోకీ సీగర్‌ని రానివ్వలేదు. ఆయన్ని పిలవని చోటికి మేమూ రామని జోన్ బాయెజ్‌తో సహా కొందరు గాయకులు తప్పుకున్నారు.

నాయనమ్మ అంతా విని, "అక్కడా ఆపుతారన్నమాట పాటల్ని" అంది. ఆవిడ కళ్ళకి ఆ దేశం ఆ క్షణంలో గుంటూరంత దగ్గరకి వచ్చేసినట్టనిపించింది నాకు.

మా ఇంట్లోకి టీవీ 1982లో వచ్చింది. 1986లో నాయనమ్మ పోయింది. అదే ఏడు నాజర్ గారికి పద్మశ్రీ ఇచ్చారు. అన్నయ్య బ్యాంకు ఉద్యోగంలో పడి ఊళ్ళు తిరిగాడు. నా పెళ్ళి, పిల్లలు. ఫియెస్టా ప్లేయరు పాడైపోయింది. ఆ పాతికేళ్ళ గురించి ఇక్కడ చెప్పేదేం లేదు.

రిటైరై మళ్ళీ మాంబళం చేరాక అన్నయ్యకి వాళ్ళబ్బాయి పెద్ద టీవీ కొని, యూట్యూబ్ చూడటం నేర్పించాడు. ఒక ఆదివారం నాకు ఫోన్. "నువ్వు వెంటనే రా. ఆయన కనపడ్డాడు" అన్నాడు. ఎవరని అడగాల్సిన అవసరం లేకపోయింది. వలసరవాక్కం నుంచి ఆటోలో వెళ్ళాను.

సీగర్ 1965, 66లో తనంతట తనే ఒక టీవీ కార్యక్రమం చేశాడు. పేరు రెయిన్‌బో క్వెస్ట్. పెద్ద నెట్‌వర్కులు రానివ్వకపోతే, న్యూజెర్సీలో 47వ నంబరు చానెల్‌లో. ప్రత్యేకమైన యాంటెన్నా ఉన్నవాళ్ళకే వచ్చేది. సొంత డబ్బు పెట్టుకున్నాడు. ఆయన భార్య తోషీ వెనక నుండి అన్నీ చూసుకుంది. మొత్తం 39 భాగాలు, నలుపు తెలుపు. ఒక బల్ల, దాని చుట్టూ కుర్చీలు, వచ్చిన అతిథి ఎదురుగా, మధ్యలో టీ కప్పులు పెట్టుకున్నట్టే ఉంటుంది. ఎవరూ తొందరపడరు. పాట మధ్యలో ఆపి ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడుగుతాడు. చెప్పాక మళ్ళీ పాడతారు.

ఆ కార్యక్రమానికి వచ్చిన అతిథుల్ని చూస్తే మతి పోతుంది. మిసిసిపీ జాన్ హర్ట్ వచ్చాడు, నెత్తిన టోపీతో, అంత మెత్తని నవ్వుతో. 1928లో రికార్డులిచ్చి, ఆ తర్వాత పొలం పనుల్లో పడి ముప్పై అయిదేళ్ళు ఎవరికీ కనపడకుండా పోయిన మనిషి. 1963లో వెతికి పట్టుకున్నారు, 1966లో పోయాడు. మధ్యలో ఆ మూడేళ్ళలో ఎవరో కెమెరా పెట్టి ఆయన వేళ్ళు ఇలా కదిలేవని మనకి మిగిల్చారు. డొనోవన్ వచ్చిన భాగంలో షాన్ ఫిలిప్స్ సితార్ వాయిస్తాడు. పక్కనే కళ్ళు లేని ముసలాయన, రెవరెండ్ గేరీ డేవిస్, కూర్చుని వింటుంటాడు.

ఎలిజబెత్ కాటన్‌ని చూసినప్పుడు మాత్రం నేను కళ్ళు తుడుచుకున్నాను. ఎడమచేతి వాటం ఆవిడది. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న వాయిద్యాన్ని అన్నకి తెలీకుండా తీసుకుని, తీగలు మార్చకుండా అలాగే తలకిందులుగా పట్టుకుని నేర్చుకుంది. అందుకని అందరూ బొటనవేలితో వాయించేది ఆవిడ వేళ్ళతోనూ, వేళ్ళతో వాయించేది బొటనవేలితోనూ వాయిస్తుంది. పదకొండు పన్నెండేళ్ళప్పుడే రైలు మీద పాట కట్టింది. తర్వాత ఇళ్ళల్లో పనిచేసుకుంటూ, పాట మర్చిపోయి బతికింది. ఒక పెద్ద దుకాణంలో తప్పిపోయిన పిల్లని తల్లికి అప్పగించడంతో ఆ ఇంట్లోనే పని దొరికింది. ఆ పిల్ల సీగర్ చెల్లెలు పెగ్గీ. ఆ ఇంట్లో గోడకి వేలాడుతున్న గిటారుని ఆవిడ తీసి వాయిస్తుంటే అప్పుడు తెలిసింది వాళ్ళకి. తొంభై దాటాక గ్రామీ ఇచ్చారు. మన ఇళ్ళల్లో అంట్లు తోముతూ, నాట్లేస్తూ పాడిన ఆడవాళ్ళలో ఎంతమందికి అలా ఒక కెమెరా ముందు కూర్చునే అవకాశం వచ్చిందని ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

పెద్ద నెట్‌వర్కుల మీద కూడా చూశాం, వరసగా, చాలా ఆదివారాలు. 1967 సెప్టెంబరులో స్మదర్స్ బ్రదర్స్ వాళ్ళ వినోద కార్యక్రమానికి సీగర్‌ని పిలిచారు. పెద్ద నెట్‌వర్కు మీదకి ఆయన మళ్ళీ రావడం సుమారు 17 ఏళ్ళ తర్వాత. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లూసియానాలో శిక్షణలో ఉన్న సైనికుల్ని మునిగిపోయే నదిలోకి నడిపించి, తనే మునిగిపోయిన కెప్టెన్ పాట పాడాడు. విన్నవాళ్ళకి అది వియత్నాం గురించేననీ, కెప్టెనంటే అప్పటి అధ్యక్షుడు జాన్సనేననీ తెలిసిపోతుంది. ఆ కార్యక్రమం వేసే సీబీఎస్ నెట్‌వర్కు ఆ పాటని కోసేసి మిగతాది ప్రసారం చేసింది. ఆ అన్నదమ్ములు ఊరుకోలేదు, పత్రికలకెక్కారు. 1968 ఫిబ్రవరి 25న మళ్ళీ పిలిచి అదే పాట పాడించారు. ఈసారి దేశమంతా విన్నది. అన్నయ్య ఆ వీడియో నాలుగుసార్లు పెట్టాడు. సీగర్ మెడ పైకెత్తి, గడ్డం నిక్కించి, అంత రంగురంగుల వేదిక మీద ఒంటరిగా నిలబడి పాడతాడు.

తర్వాతి ఏడు అదే కార్యక్రమంలో జోన్ బాయెజ్, సైన్యంలో చేరనన్నందుకు జైలుకి వెళ్ళబోతున్న భర్త కోసం ఒక పాట పాడుతున్నానని చెప్పింది. ఎందుకు వెళ్తున్నాడో చెప్పిన ముక్కని కత్తిరించారు. దాంతో చూసినవాళ్ళకి ఆవిడ మొగుడు జైలుకెళ్తున్నాడన్నదే తెలిసింది, ఏ నేరానికో తెలీలేదు. నాకు పాట కోయడం కన్నా ఇది ఘోరమనిపించింది. బాబ్ డిలన్ అయితే 1963 మేలో, ఇంకా ఇరవై రెండేళ్ళు నిండకుండానే, తను ఎంచుకున్న పాట పాడొద్దన్నారని ఎడ్ సలివన్ షో రిహార్సల్ నుంచే వెళ్ళిపోయాడు. దేశమంతా ఆదివారం రాత్రి చూసే షో అది. ఆరేళ్ళ తర్వాత, 1969 జూన్ 7న, గాయకుడు జానీ క్యాష్ తన కొత్త టీవీ షో మొదటి రోజునే డిలన్‌ని, జోనీ మిచెల్‌ని పిలిచాడు. నాష్‌విల్‌లో ఒకప్పుడు ప్రార్థనా మందిరంగా కట్టిన రైమన్ హాల్లో. తర్వాత సీగర్‌నీ పిలిచాడు.

ఇన్ని చూశాక కూడా నేను మళ్ళీ మళ్ళీ పెట్టమని అడిగేది ఆ నలుపు తెలుపు కార్యక్రమాన్నే. అందులో ప్రేక్షకులు లేరు. కార్నెగీ హాల్లో వేలమందిచేత పాడించిన మనిషి, ఎదురుగా ఎవరూ లేని గదిలో, కెమెరా అద్దంలోకి చూస్తూ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడతాడు, పాడమంటాడు. అటునుంచి ఎవరైనా అందుకున్నారో లేదో ఆయనకి తెలిసే దారి లేదు. అన్నయ్యా నేనూ అందుకున్నాం. యాభై ఏళ్ళు ఆలస్యంగా, మాంబళంలో, తలుపులేసుకోకుండా. పక్కింటి పాప వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

అప్పుడే అన్నయ్యకి ఆ క్యాసెట్ గుర్తొచ్చింది. 1983లో వాడు ఆఫీసు స్నేహితుడి దగ్గర టేప్ రికార్డర్ అడిగి తెచ్చి, నాయనమ్మ పాటలు పట్టాలని కూర్చున్నాడు. అటక మీద రేకు పెట్టెలో దొరికింది. రిబ్బను అంటుకుపోయింది, కోడంబాక్కంలో పాత టేపులు బాగుచేసే ఒకాయన రెండు వారాలుంచుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు.

పాటలు మూడే ఉన్నాయి. నాట్ల పాట ఒకటి, ఊయల పాట ఒకటి, సగంలో ఆగిపోయిన బొబ్బిలి కథ ముక్క ఒకటి. కానీ మొదటి ఆరు నిమిషాలు పాటే లేదు. వీధిలో సైకిల్ బెల్లు, వంటింట్లో అమ్మ గిన్నెలు, అన్నయ్య "పాడు నాయనమ్మా, తిరుగుతోంది" అనడం. "ఆ డబ్బాకి పాడమంటావేంట్రా, అది పలుకుద్దా?" అని నాయనమ్మ. "మేమున్నాంగా" అని వాడు. "ఉంటే సరిపోద్దా? నే ఆగినకాడ మీరందుకోవాల. ఇదిగో పిల్లా, నువ్వు ఇటు కూచో, వాణ్ణి అటు కూచోమను."

తర్వాత గాజుల చప్పుడు. నేను జరిగి కూర్చున్నట్టున్నాను. నాయనమ్మ గొంతు సవరించుకుని ఒక పాదం పాడి ఆగుతుంది. టేపులో రెండు సెకన్లు ఏమీ ఉండదు.

"ఊఁ, అనండి మరి."